చోటు ఎవరికి కావాలో తేలకుండా ప్లగిన్లకు ర్యాంకులా?

సంపాదకులకు నమస్కారం.

మీ సాంకేతిక పేజీలో, ఇంట్లోనే పాటలు మిక్స్ చేసుకునేవాళ్ల కోసం వేసిన వ్యాసం చదివాను. ఒక శబ్దం వచ్చినప్పుడు ఇంకోదాన్ని తగ్గించే సైడ్‌చెయిన్ డకింగ్ లాంటి విషయానికి దినపత్రికలో అంత చోటు దొరకడం ఆశ్చర్యమే, సంతోషం కూడా. కానీ చివర్లో ప్లగిన్లకు (మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే చిన్న ప్రోగ్రాములకు) నక్షత్రాలిచ్చి, ఇది మొదటిది, ఇది రెండోది అని వరస పెట్టారే, చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ పేజీని ఫొటో తీసి నాకు పంపినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కా, ఆ మొదటిది కొనేయమంటావా?" మిక్సింగే నా బతుకుతెరువు కాబట్టి నన్నడగడం సహజమే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక మీకే రాస్తున్నాను.

పేరుకు ఒకటే అయినా ఎదురెదురు దిక్కుల్లో నడిచే రెండు పనులను వ్యాసం ఒకే గాటన కట్టేసింది. డ్యాన్స్ పాటల్లో కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్ దెబ్బ) పడినప్పుడల్లా మిగతా పాటంతా కిందకి పోయి పైకి లేస్తూ ఊగుతుంది. దాన్ని పంపింగ్ అంటాం. అది వినబడాలి, దానికోసమే చేస్తారు. రెండో పని, కిక్‌కీ, అడుగు స్వరాలు పలికే బేస్‌కీ, లేదా గొంతుకీ వాయిద్యాలకీ మధ్య తగాదా తీర్చడం. అది చెవికి తెలియకూడదు. తెలిసిందంటే పని చెడినట్టే. పంపింగ్‌కి బ్రహ్మాండంగా పనికొచ్చే ప్లగిన్‌తో గొంతు చుట్టూ చోటు చేయబోతే పాట పాడైపోతుంది. మరి ఆ ఐదు నక్షత్రాలు ఏ పనికి ఇచ్చినట్టు?

ఈ గొడవ కొత్తగా వింటున్న పాఠకులకు రెండు మాటలు. మామూలు కంప్రెసర్ తనలోంచి పోతున్న శబ్దాన్ని తానే వింటూ, అది మనం పెట్టిన హద్దు (థ్రెషోల్డ్) దాటగానే తగ్గిస్తుంది. సైడ్‌చెయిన్‌లో వినేది ఒకదాన్ని, తగ్గించేది ఇంకోదాన్ని. కిక్‌ని వింటుంది, బేస్‌ని తగ్గిస్తుంది. రేడియోలో అనౌన్సర్ మాట్లాడగానే పాట వెనక్కి తగ్గి, మాట ఆగగానే మళ్లీ లేవడం అందరూ విన్నదే. అదీ ఇదే. ఆ ఒక్క పనికైతే ఉచితంగా దొరికే ఆడాసిటీలో ఆటో డక్ అనే ఎఫెక్ట్ ఉంది, వీడియోలు చేసేవాళ్లకు ప్రీమియర్ ప్రోలోనూ అలాంటి సదుపాయం ఉంది. మాట, దాని వెనక సంగీతం, ఇంతవరకే మీ అవసరమైతే ప్లగిన్ల వేట మానేయండి. అసలు చిక్కు పాట దగ్గర మొదలవుతుంది.

కిక్, బేస్ సంగతే తీసుకుందాం. కిక్ బరువు చాలాసార్లు 50, 60 హెర్ట్జ్‌ల చుట్టుపక్కలే ఉంటుంది. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావుగా ఉండే తీగను మామూలు శ్రుతిలో వదిలి మీటితే 41 హెర్ట్జ్. ఒకే ఒరలో రెండు కత్తులు. ఒక దెబ్బకి రెండూ కలిసి ఉబ్బుతాయి, ఇంకో దెబ్బకి ఒకదాన్నొకటి తినేస్తాయి. ఇక్కడ తగాదా కొద్దిసేపటిదే. దెబ్బ పడే ఆ కాసేపు బేస్ తప్పుకుంటే సరిపోతుంది. ఆ కాసేపు ఎంత అన్నదే లెక్క.

120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) పాటలో బీటుకీ బీటుకీ మధ్య 500 మిల్లీసెకన్లు. 60,000ని బీపీఎంతో భాగిస్తే ఏ పాటకైనా ఈ అంకె వస్తుంది. కిక్ శబ్దంలో బరువంతా మొదటి 100, 150 మిల్లీసెకన్లలో అయిపోతుంటే, ఆపాటికి బేస్ వెనక్కి వచ్చేస్తుండాలి. రిలీజ్, అంటే తగ్గిన శబ్దం మళ్లీ లేవడానికి పట్టే సమయం, 400 పెట్టారనుకోండి, బేస్ పూర్తిగా లేచేసరికి ఇంకో కిక్ పడుతుంది. పాట పొడుగునా బేస్ నీరసంగా వినబడుతుంది. నీరసంగా ఉందని ఫేడర్ (ట్రాక్ శబ్దాన్ని పెంచి తగ్గించే మీట) పెంచుతారు, పెంచగానే కిక్‌తో పాత గొడవ మళ్లీ మొదలు. పోనీ అని రిలీజ్‌ని బాగా తగ్గిస్తే ఇంకో తంటా. 50 హెర్ట్జ్‌లో ఒక్క తరంగం పూర్తవడానికే 20 మిల్లీసెకన్లు పడుతుంది. రిలీజ్ అంతకన్నా పొట్టిదైతే కంప్రెసర్ మొత్తం దెబ్బను వదిలేసి, దాని లోపలి తరంగాల వెంట ఒక్కోదానికీ పరిగెడుతుంది. బేస్ గరగరలాడుతుంది. "ప్లగిన్ క్వాలిటీ బాలేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ రిలీజ్ బటనే. అటాక్, అంటే శబ్దం తగ్గడానికి పట్టే సమయం, సున్నా పెడితే టిక్కుమనే చప్పుడు కూడా తోడవుతుంది.

నేనైతే అటాక్ నాలుగైదు మిల్లీసెకన్లు, రిలీజ్ వంద దగ్గర మొదలుపెట్టి, మీటర్‌లో రెండు మూడు డెసిబెల్స్ తగ్గేలా థ్రెషోల్డ్ దింపుతాను. ఆ తర్వాత చెవి చెప్పినట్టు. 6 డెసిబెల్స్ తగ్గించారంటే తరంగం ఎత్తును సగానికి కోసినట్టే. తగాదా తీర్చడానికి అంత అవసరం ఎప్పుడో గానీ రాదు.

దీనికి కొత్తగా ఏదీ కొనక్కర్లేదని మీ వ్యాసం చెప్పి ఉండాల్సింది. పాటలు మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్లలోనే ఇది ఉంటుంది. ఏబుల్టన్ లైవ్‌లో కంప్రెసర్ పక్కనున్న చిన్న త్రికోణం నొక్కితే సైడ్‌చెయిన్ భాగం తెరుచుకుంటుంది, అందులో కిక్ ట్రాక్‌ని ఎంచుకోవడమే. లాజిక్ కంప్రెసర్‌లో పైన కుడివైపు మెనూ ఉంటుంది. ఎఫ్ఎల్ స్టూడియోలో ఫ్రూటీ లిమిటర్ చేస్తుంది. రీపర్‌లో మాత్రం కొత్తవాళ్లు తడబడతారు. కిక్ ట్రాక్ నుంచి బేస్ ట్రాక్‌కి సెండ్ (శబ్దాన్ని అక్కడికి పంపే దారి) పెట్టి, దాన్ని 3, 4 ఛానళ్లకు పంపి, బేస్ మీదున్న రియాకాంప్ అనే కంప్రెసర్‌లో డిటెక్టర్ ఇన్‌పుట్‌ని ఆక్సిలరీకి మార్చాలి. ఒకసారి అలవాటైతే నిమిషం పని. అలవాటయ్యేదాకా టెన్షనే.

ఇక వ్యాసం మొదటి ర్యాంకు కట్టబెట్టిన రకం. కేబుల్‌గైస్ వాళ్ల కిక్‌స్టార్ట్, షేపర్‌బాక్స్‌లోని వాల్యూమ్‌షేపర్, ఎక్స్‌ఫర్ వాళ్ల ఎల్ఎఫ్ఓ టూల్, ఇవన్నీ కంప్రెసర్లు కావు. పాట టెంపోని పట్టుకుని, మనం గీసిన గీత ప్రకారం శబ్దాన్ని దించి లేపుతాయి. కిక్ గట్టిగా పడినా మెల్లగా పడినా వాటికి ఒకటే, అందుకే దించడం ప్రతి బీటుకీ అచ్చు గుద్దినట్టుంటుంది. బీటుకో కిక్ పడుతూ కంప్యూటర్‌లోనే కట్టిన పాటకి ఇంతకన్నా సుఖం లేదు, నేనూ వాడతాను. అదే మనిషి డ్రమ్స్ వాయించిన పాటలో, వేగం కాస్త అటూ ఇటూ అయ్యే పాటలో పెట్టి చూడండి. కిక్ ఒకచోట పడుతుంది, బేస్ ఇంకోచోట తగ్గుతుంది. కిక్‌స్టార్ట్ రెండో వెర్షన్ కిక్ ట్రాక్‌ని విని కూడా పనిచేయగలదు కానీ, ఆ సంగతి తెలియక టెంపోకే వదిలేసినవాళ్ల పాటలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

ఈ రకంలో నాకు నిజంగా నచ్చిన గుణం గీత కాదు, బ్యాండ్లు. బేస్‌లో అడుగు భాగాన్ని మాత్రమే దించి, పై భాగాన్ని కదపకుండా వదిలేయొచ్చు. దీన్ని మీ వ్యాసం ఒక్క ముక్కలో దాటేసింది. ఫోన్ స్పీకర్లలో 200 హెర్ట్జ్ కింద పెద్దగా ఏమీ రాదు. అక్కడ బేస్‌గా మన చెవిన పడేది దాని పై హార్మోనిక్స్, అంటే అసలు స్వరంతోపాటు పుట్టే పై ఫ్రీక్వెన్సీలు. కిక్ తగాదా అడుగునే ఉంటే, బేస్ మొత్తాన్ని దించడం వల్ల ఫోన్‌లో వినేవాడికి ఒరిగేదేమీ లేదు. పైగా బేస్ లైన్ బీటుకోసారి తెగిపోతున్నట్టుంటుంది. 150 హెర్ట్జ్ దగ్గర కోసి కిందిది మాత్రం దించితే పెద్ద స్పీకర్లలో కిక్ తేటగా వస్తుంది, ఫోన్‌లో బేస్ చెక్కుచెదరదు. ఇది చేయగలదా లేదా అన్నది ఏ ప్లగిన్ కొనేటప్పుడైనా అడగాల్సిన ప్రశ్న.

గొంతు దగ్గరికి వస్తే లెక్క పూర్తిగా మారుతుంది. గొంతుకి కావలసింది సమయంలో చోటు కాదు, ఫ్రీక్వెన్సీలో చోటు. మాట స్పష్టత, ముఖ్యంగా హల్లులు, ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య తెలుస్తాయి. స్ట్రింగ్స్, ప్యాడ్, డిస్టార్షన్ గిటార్ ఆ ప్రాంతాన్నే నింపేస్తాయి. ఇక్కడ మామూలు సైడ్‌చెయిన్ కంప్రెసర్ పెడితే, గాయని నోరు తెరిచినప్పుడల్లా స్ట్రింగ్స్ మొత్తం కుంగి, ఊపిరి తీసుకోగానే పొంగుతాయి. కళ్లు మూసుకుని విన్నా ఎవరో ఫేడర్ లాగుతున్నట్టే ఉంటుంది. అవసరమైన ఫ్రీక్వెన్సీ ఒక్కటే, అదీ గొంతు పలికినప్పుడే తగ్గాలంటే డైనమిక్ ఈక్యూ కావాలి. టీడీఆర్ నోవా ఉచితమే, బయటి ట్రాక్‌ని సైడ్‌చెయిన్‌గా తీసుకుంటుంది. డబ్బు పెట్టగలిగితే ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూ 4 ఉంది. దాన్లో ఏ బ్యాండ్ ఎంత కదులుతోందో కళ్లముందే కనిపిస్తుంది. 3 కిలోహెర్ట్జ్ దగ్గర వెడల్పాటి బ్యాండ్ ఒకటి పెట్టి, రెండు డెసిబెల్స్ దించండి. ఆపి వింటే తేడా తెలియాలి, ఆపకుండా వింటే అక్కడ ఏదో ఉందన్న అనుమానమే రాకూడదు.

వేవ్స్‌ఫ్యాక్టరీ వాళ్ల ట్రాక్‌స్పేసర్ ఇదే పనిని 32 బ్యాండ్లలో, తనంతట తాను చేస్తుంది. గొంతులో ఏ ఫ్రీక్వెన్సీ బలంగా ఉంటే దానికి తగ్గట్టు వాయిద్యంలో అక్కడ తగ్గిస్తుంది. ఒకే పెద్ద బటన్. సుఖమూ అందులోనే ఉంది, ప్రమాదమూ అందులోనే ఉంది. ఈమధ్య ఒక అబ్బాయి పంపిన పాటలో స్ట్రింగ్స్ మీద ఆ బటన్ సగం దాటి తిప్పి ఉంది. చరణం మొదలవగానే వయొలిన్లు గొట్టంలోంచి వస్తున్నట్టు డొల్లగా అయిపోయాయి. గొంతు మాత్రం ఇంకా లోపలే ఉంది. దాంట్లోనే కింది హద్దు, పై హద్దు బిగించే ఫిల్టర్లు రెండుంటాయి. వాటిని సుమారు ఒక కిలోహెర్ట్జ్ నుంచి 5 దాకా బిగించి, బటన్‌ని బాగా వెనక్కి తిప్పాను. వయొలిన్లకి ప్రాణం వచ్చింది. గొంతు సగం బయటపడింది.

మిగతా సగానికి ఏ ప్లగిన్ దగ్గరా మందు లేదు. ఎందుకంటే వయొలిన్లు గాయని పాడుతున్న స్వరాలనే, అదే స్థాయిలో (ఆక్టేవ్‌లో), ఆమెతోపాటే వాయిస్తున్నాయి. రాసినవాడు పాట వరసనే స్ట్రింగ్స్‌కీ ఇచ్చేశాడు. చరణంలో వయొలిన్లని ఒక స్థాయి కిందకి దించి, రెండు పంక్తుల్లో పూర్తిగా ఆపేయమన్నాను. ఆ కుర్రాడికి మొదట మనసొప్పలేదు, పాపం, రాత్రంతా కూర్చుని కట్టుకున్న స్ట్రింగ్స్ కదా. మార్చి పంపాక ట్రాక్‌స్పేసర్‌ని తీసేసి విన్నాం. దాని అవసరం దాదాపు లేకుండా పోయింది. ఎవరు ఎప్పుడు వాయించాలి, ఏ స్థాయిలో వాయించాలి అన్నది కూర్పులో తేలకపోతే, ఆ భారమంతా మిక్స్ చేసేవాళ్ల నెత్తిన పడుతుంది. మీ వ్యాసంలో కూర్పు మాటే లేదు. ఫేడర్ మాటా లేదు. స్ట్రింగ్స్‌ని ఒకటిన్నర డెసిబెల్ తగ్గిస్తే తీరిపోయే గొడవకి ప్లగిన్ పెట్టడం నాకైతే చాదస్తంగా తోస్తుంది.

చెవికి గుచ్చుకునే ఫ్రీక్వెన్సీలను అణిచే ప్లగిన్, ఈక్సౌండ్ వాళ్ల సూత్ 2 కూడా సైడ్‌చెయిన్ తీసుకుంటుంది, చాలా సున్నితంగా చేస్తుంది. కంప్యూటర్‌ని మాత్రం బాగా పిండేస్తుంది. పాత లాప్‌టాప్ మీద నాలుగైదు ట్రాకులకి పెట్టాలనుకునేవాళ్లు ముందు ట్రయల్ వేసి చూసుకోవడం మంచిది.

రివర్బ్ (గది మోత), డిలే (ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించడం), వీటి సంగతి మీరు అసలు ఎత్తలేదు. సైడ్‌చెయిన్ నేర్చుకునేవాళ్లకి నేను మొదట చూపించేది అదే. గొంతు మీద డిలే వేస్తే మాటల మీద మాటలు పడి గజిబిజి అవుతుంది. ఆ డిలే వచ్చే ట్రాక్ మీద కంప్రెసర్ పెట్టి, దానికి గొంతునే వినిపించండి. పాడుతున్నంతసేపూ డిలే అణిగి ఉంటుంది, పంక్తి అయిపోగానే పైకి తేలుతుంది. రిలీజ్ 200, 300 మిల్లీసెకన్లు. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన కంప్రెసరే చాలు. ఇక్కడ ఐదారు డెసిబెల్స్ తగ్గించినా ఎవరికీ తెలియదు, ఎందుకంటే తగ్గుతున్నదాన్ని గొంతే కప్పేస్తుంది.

కొనాలనే నిర్ణయించుకున్నవాళ్లు నక్షత్రాలు పక్కనపెట్టి కొన్ని సంగతులు చూడండి. మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లో ఆ ప్లగిన్‌కి బయటి ట్రాక్ అందుతుందా? ఎంత తగ్గించినా ఇంతకు మించి తగ్గకుండా ఆపే రేంజ్ బటన్ ఉందా? నా దృష్టిలో రేషియో (హద్దు దాటిన శబ్దాన్ని ఏ పాళ్లలో తగ్గించాలన్నది) కన్నా ఇది ముఖ్యం. డ్రమ్స్ వాయించేవాడు ఒక దెబ్బ పొరపాటున గట్టిగా కొడితే బేస్ మాయమైపోకుండా కాపాడేది అదే. సైడ్‌చెయిన్‌లోకి వచ్చేదాన్ని వడపోసే ఫిల్టర్ ఉందా, వడపోశాక అది ఏం వింటోందో మనకీ వినిపిస్తుందా? కిక్ మైక్‌లోకి పక్కనున్న స్నేర్ డ్రమ్ కూడా చొరబడిన రికార్డింగుల్లో ఈ ఫిల్టర్ లేకపోతే బేస్ రెండిటికీ తల వంచుతుంది. ఫ్యాబ్‌ఫిల్టర్ వాళ్ల కంప్రెసర్ ప్రో-సీ 2లో ఇవన్నీ ఉన్నాయి, పైగా 20 మిల్లీసెకన్ల దాకా లుక్‌అహెడ్ ఉంది, అంటే దెబ్బ పడేలోపే బేస్ తప్పుకోవడం మొదలుపెడుతుంది. ఐతే లుక్‌అహెడ్ వాడితే శబ్దం ఆ మేరకు ఆలస్యమవుతుంది. మిక్స్‌లో సాఫ్ట్‌వేర్ దాన్ని సరిదిద్దుకుంటుంది గానీ, గాయని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రికార్డ్ చేస్తున్నప్పుడు ఆన్ చేసి ఉంచితే ఆమె తిట్టుకుంటుంది.

లుక్‌అహెడ్ లేనివాళ్లకి పాత ఉపాయం ఒకటుంది. కిక్ ట్రాక్‌కి నకలు తీసి, మిక్స్‌లోకి వినబడకుండా చేసి, అసలు కిక్ కన్నా కొన్ని మిల్లీసెకన్లు ముందే పడేలా జరిపి, సైడ్‌చెయిన్‌కి దాన్నే పంపడం. కిక్ లేనిచోట కూడా ఊపు కావాలంటే ఆ నకలులో దెబ్బలు అదనంగా వేసుకోవచ్చు. అసలు కిక్ శబ్దాన్ని ఎన్నిసార్లు మార్చినా డకింగ్ మారదు. దీనికి పైసా ఖర్చు లేదు.

సోలోలో పెట్టి సరిచేసేవాళ్లకి ఒక మాట. బేస్‌ని ఒంటరిగా వింటూ డకింగ్ దిద్దడం వల్ల ఉపయోగం లేదు, ఒంటరిగా వింటే అది ఎప్పుడూ వికారంగానే ఉంటుంది. మొత్తం పాట నడుస్తుండగా, వాల్యూమ్ బాగా తగ్గించి, ప్లగిన్ ఆన్ ఆఫ్ చేస్తూ వినాలి. ఆఫ్ చేసినప్పుడు బేస్ పెరిగి అదే బాగున్నట్టు అనిపిస్తుంది కాబట్టి, రెండిటి మట్టమూ సమానం చేసుకున్నాకే తీర్పు చెప్పాలి.

సంపాదకులకు నా వినతులు రెండు. ఇలాంటి వ్యాసం మళ్లీ వేస్తే నక్షత్రాల పట్టిక బదులు, ఏ తగాదాకి ఏ పరికరమో చెప్పి, పక్కనే ఒక క్యూఆర్ కోడ్ వేయండి. స్కాన్ చేస్తే ముందూ తర్వాతా వినబడేలా అరనిమిషం పాట ఉంటే చాలు, మీరిచ్చిన బొమ్మలకన్నా అది ఎక్కువ చెబుతుంది. రెండోది, ఉచిత ప్లగిన్లేవీ బయటి సైడ్‌చెయిన్‌ని తీసుకోవని ఆ పట్టిక కింద ఒక గమనిక పడింది. అది తప్పు. టీడీఆర్ నోవా తీసుకుంటుంది, రియాకాంప్ తీసుకుంటుంది. అది చదివి కార్డు బయటికి తీసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. వచ్చే సంచికలో అదే పేజీలో సవరణ వేయగలరు.

– మిక్సింగ్ వృత్తిలో ఉన్న ఒక పాఠకురాలు